అమరంలో కాంపౌండరు

కొత్త ఆట ఏదైనా ఫోన్లోకి దించుకుంటే మొదట వచ్చే ఆ తెర దగ్గరే నాకు గంట గడిచిపోతుంది. ఐదుగురు వరసగా నిలబడి ఉంటారు. పెద్ద కత్తి పట్టుకున్న వీరుడు, విలుకాడు, చేతుల్లో మంట ఆడించే మంత్రగాడు, మొహానికి గుడ్డ కట్టుకున్న దొంగ, చిట్టచివర పొడుగు చొక్కా వేసుకుని చేతికర్ర పట్టుకున్న వైద్యుడు. వీళ్లలో నువ్వెవరో తేల్చుకోమంటుంది ఆట. తేల్చుకున్నాక మార్చుకోవడానికి లేదు, నెలల తరబడి ఆ వేషంలోనే తిరగాలి. పెళ్లిచూపుల్లో కూడా నేను ఇంతసేపు ఆలోచించలేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

ప్రతిసారీ కత్తివీరుడితోనే మొదలుపెడతాను. మీసం దిద్దడానికి అరగంట. భుజాలు వెడల్పు చేస్తాను, చెంప మీద గాటు ఒకటి పెడతాను. పేరు పెట్టే దగ్గరికి వచ్చేసరికి గుబులు పట్టుకుంటుంది. వీడు అందరికంటే ముందు నడవాలి కదా, మొదటి దెబ్బ వీడికే కదా అనిపిస్తుంది. మెల్లగా వేలు పక్కకు జరిపి వైద్యుణ్ణి నొక్కేస్తాను.

"మళ్లీ కాంపౌండరేనా?" అంటుంది మా ఆవిడ, తలెత్తకుండానే.

ఆమె మాత్రం ఒక్క క్షణం కూడా తటపటాయించకుండా దొంగను తీసుకుంది. ఎవరికీ కనపడకుండా అందరి మాటలూ వినొచ్చు కదా అని కారణం చెప్పింది. ఆ పనికి ఆమెకు ఆట అవసరం లేదని పదేళ్ల కాపురంలో నాకు తెలుసు.

ఈ ఎంపిక మీద నాకొక సిద్ధాంతం ఉంది. మంత్రగాణ్ణి ఎంచుకునేవాళ్లు పెళ్లి భోజనాల్లో మొదటి పంక్తిలోనే కూర్చుంటారు. విలుకాళ్లు గొడవ రాజేసి, దూరంగా వెళ్లి చేతులు కట్టుకుని చూస్తారు. కత్తివీరులకు బండి నడిపేటప్పుడు హారన్ మీద నుంచి చెయ్యి రాదు. ఇక వైద్యులంటే జాలిగుండె గలవాళ్లు, పక్కవాడు పడిపోతే చూడలేనివాళ్లు. అడిగినవాళ్లందరికీ ఇదే చెప్పుకుంటూ వచ్చాను. అసలు సంగతి ఏమిటంటే వైద్యుడు వెనక నిలబడొచ్చు. పోట్లాట అంతా ముందు జరుగుతుంటే, వీడు కర్ర ఊపి పచ్చటి వెలుగు ఒకటి పంపిస్తే చాలు. దెబ్బలు తిన్నవాడు లేచి మళ్లీ తినడానికి పోతాడు.

మాది మైపాడుకు దక్షిణంగా, ఇసుక మీద కట్టుకున్న బెస్తవారి ఊరు. అన్న ఫైబర్ పడవ మీద వేటకు పోతాడు. నేను ఇందుకూరుపేట దగ్గర రొయ్యల గుంటల నీళ్లు పరీక్ష చేసే చిన్న ల్యాబులో పనిచేస్తాను. సీసాల్లో వచ్చిన నీళ్లలో ఉప్పెంత, సున్నమెంత అని చూసి చీటీ రాసిస్తాను. అంటే నాకూ నీళ్లతోనే పని. కాకపోతే ఆ నీళ్లు సీసాలో కదలకుండా ఉంటాయి.

అలా ఎందుకయిందో చెప్పాలంటే నా పదహారో ఏడు దగ్గరికి పోవాలి.

మా పడవల మీద ఒక పద్ధతి ఉంది. పడవ వెనక భాగాన్ని అమరం అంటారు. ఇంజను, చుక్కాని అక్కడే ఉంటాయి. అందరికంటే అనుభవం ఉన్నవాడు అక్కడ కూర్చుంటాడు, వాడే సరంగు. కొత్తవాళ్లు, కుర్రవాళ్లు ముందుకు పోయి వల సంగతి చూస్తారు. వెనకున్నవాడికి అందరూ కనపడతారు కాబట్టి వాడి మాటే మాట. కొడుకు అమరంలో కూర్చుంటే తండ్రయినా వాడు చెప్పినట్టు వినాల్సిందే. ఒడ్డుకు చేరాక ఆ కొడుకును తండ్రి నాలుగు తిట్టొచ్చు, అది వేరే సంగతి. నీళ్ల మీద ఉన్నంతసేపు ఎదురు మాట ఉండదు. అమరంలో ఉన్నవాడు ఎవరినీ సలహా కూడా అడగడు.

నాన్న పోయాక అమరం అన్నకు వచ్చింది. అన్న నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. పదో తరగతి పరీక్షలు అవగానే నన్ను మొదటిసారి వేటకు తీసుకుపోయాడు. నేను పడవ ముందు కూర్చున్నాను, కత్తివీరుడి లాగానే. అలలు విరిగే చోటు దాటేదాకా బాగానే ఉంది. అక్కడి నుంచి కడుపులో తిప్పడం మొదలైంది. ఎదురుగా కానాగంత చేపల గుంపు. నీళ్లు నల్లగా మారి, పైన పక్షులు గోల గోలగా తిరుగుతున్నాయి. ఏడాదికి ఒకటి రెండుసార్లు కనపడే గుంపు అది. సరిగ్గా అప్పుడే నేను పడవలో పడి దొర్లుతూ కక్కుకోవడం మొదలుపెట్టాను. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు. తల ఎత్తి చూస్తే అన్న మొహంలో ఏమీ లేదు. ఒక్క మాట అనకుండా చుక్కాని తిప్పేశాడు. మేము ఒట్టి పడవతో ఒడ్డుకు వచ్చేసరికి మిగతా పడవలన్నీ ఆ గుంపు వైపు పోతున్నాయి.

ఆ తర్వాత అన్న నన్ను ఎప్పుడూ వేటకు పిలవలేదు. కాలేజీలో చేర్పించాడు, బట్టలు కొనిచ్చాడు, పెళ్లి దగ్గరుండి చేశాడు. ఏ లోటూ చేయలేదు. కానీ ఏ సంగతిలోనూ నన్ను ఏమనుకుంటున్నావని అడగలేదు. రేకులు తీసి స్లాబు వేయించినా, పాత ఇంజను అమ్మి కొత్తది తెచ్చినా, అన్నీ అయిపోయాక చెప్పేవాడు. ఆ రోజు ఎందుకు తిప్పావన్నా అని నేనూ అడగలేదు. వీడు పనికిరాడని ఆ రోజే తేల్చేసుకున్నాడని నాకు గట్టి నమ్మకం. అడిగితే ఆ మాట చెవులతో వినాల్సొస్తుందని ఇరవై రెండేళ్లు ఊరుకున్నాను. జీవితంలో ఒక్కసారి అన్న నా మాట వినాలని, ఏదో ఒకటి నన్ను అడిగి చేయాలని మాత్రం ఉండేది.

ఎండాకాలంలో చేపలు గుడ్లు పెట్టే రోజులని రెండు నెలలు వేట ఆపేస్తారు కదా, మొన్నటి ఆ నిషేధంలో నా కోరిక తీరింది. ఎలా తీరిందో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

అన్న మొదటి వారం వలలు బాగుచేసుకున్నాడు. రెండో వారం ఇంజను విప్పి మళ్లీ బిగించాడు. మూడో వారం వదిన వంటింట్లో డబ్బాలన్నీ సర్దబోతే ఆమె బయటికి పంపించింది. అలా ఒక ఆదివారం పొద్దున మా వరండాలోకి వచ్చి కూర్చున్నాడు. నేనూ మా ఆవిడా ఆటలో ఉన్నాం. కాసేపు నా భుజం మీద నుంచి చూశాడు.

"ఆ కత్తోడు ఎవురురా?" అన్నాడు.

"ఎవరో తెలియని మనిషన్నా. ఎక్కడెక్కడివాళ్లో కలిసి ఆడతారు."

"ఎనకాల కర్ర పట్టుకోనుండేది?"

"నేను."

అన్న నా వైపు చూశాడు. మళ్లీ తెర వైపు చూశాడు. ఐదుగురు వరసగా ఒక గుహలోకి పోతున్నారు. అందరికంటే ముందు కత్తివాడు, అందరికంటే వెనక నేను.

"అందరూ కనపడతా ఉండారా నీకు ఆణ్ణించి?"

"కనపడతారు. ఎవరి ప్రాణం ఎంతుందో గీతలు కూడా కనపడతాయి."

"ఓహో," అన్నాడు అన్న. "అమరం నీదన్నమాట."

అప్పుడే చెప్పి ఉండాలి. అన్నా, ఈ ఆటల్లో వెనకుండేవాడు సరంగు కాదు, కట్టు కట్టేవాడు, అందరూ వాడి మీద అరుస్తారు, వాడు ఎవరి మీదా అరవడు అని. నోరు తెరిచాను కూడా. కానీ అన్న గొంతులో ఏదో వినిపించింది. కొత్త ఇంజను గురించి పక్క ఊరి సరంగుతో మాట్లాడేటప్పుడు వచ్చే గొంతు అది. నాతో ఆ గొంతుతో ఎప్పుడూ మాట్లాడలేదు.

"అంతేలే," అన్నాను.

మా ఆవిడ ఫోన్ మీది నుంచి తలెత్తి నన్నొక చూపు చూసింది.

ఆ మధ్యాహ్నమే అన్న తన ఫోన్లోకి ఆట ఎక్కించుకున్నాడు. ఐదుగురు నిలబడిన తెర వచ్చింది. నేను గంటసేపు ఆలోచించే చోట ఆయనకు అరనిమిషం పట్టలేదు. మీసం కూడా దిద్దకుండా కత్తివీరుణ్ణి నొక్కేశాడు. "కొత్తోణ్ణి గదా, ముందే ఉండాల," అన్నాడు. తర్వాత ఫోన్ రెండు చేతులతో పట్టుకుని, "చెప్పు, ఎట్టా పొమ్మంటావు?" అని నన్ను అడిగాడు.

అబద్ధమెందుకు, ఒళ్లు పులకరించింది.

ఆ తర్వాత మూడు వారాలు మా వరండాలో నాదే రాజ్యం. నేను ఆగమంటే అన్న ఆగేవాడు. పొమ్మంటే, ఎదురుగా కొండంత రాక్షసుడున్నా పోయేవాడు. ఒకసారి ఆగమని చెప్పి నీళ్లు తాగడానికి లోపలికి వెళ్లి, ఫోనొస్తే మాట్లాడి, పది నిమిషాల తర్వాత వచ్చాను. అన్న కత్తివీరుడు గుహ వాకిట్లో అలాగే నిలబడి ఉన్నాడు. చుట్టూ మూడు తోడేళ్లు తిరుగుతున్నాయి.

"నువ్వు చెప్పలేదు గదా," అన్నాడు అన్న.

మనిషికి అధికారం ఎంత తొందరగా తలకెక్కుతుందో నాకు నా మీదే తెలిసొచ్చింది. మొదట్లో "ఎడంపక్కకు పోదామా అన్నా" అనేవాణ్ణి. పది రోజులయ్యేసరికి "ఎడమ" అనడం మొదలుపెట్టాను. చివరికి వేలు చూపిస్తే సరిపోతోంది.

"దొరగారికి కాఫీ ఈడికే తెమ్మంటారా?" అంది మా ఆవిడ.

"నువ్వు చెప్పవు కదా అన్నకి?" అన్నాను, అన్న గేటు దాటాక.

"నాకెందుకయ్యా. నేను దొంగను, కనపడను," అంది.

ఇదంతా ఆట వరకే ఉంటే ఏదో ఒకలా సరిపోయేది. ఒకరోజు అన్న పడవ దగ్గరికి రమ్మన్నాడు. ఒడ్డున పడవ బోర్లించి ఉంది. పాత రంగు గీకేసి ఉంది.

"ఏం రంగు వేద్దామంటావురా?" అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక, ఆట బయట అన్న నన్ను అడిగిన మొదటి సలహా. గొంతు సవరించుకుని, చాలా ఆలోచించినవాడిలా పడవ చుట్టూ ఒకసారి తిరిగి, నీలం మీద పసుపు చారలు అన్నాను. అన్న నెమ్మదిగా తలూపాడు. రెండు రోజుల్లో రంగు అయిపోయింది. పెళ్లి బస్సులా ఉందని ఊరంతా నవ్వింది. అన్న మాత్రం, "మా వాడు చెప్పినాడు, ఆలోచించే చెప్పుంటాడు," అని అందరికీ చెప్పాడట. అది వదిన నాకు చెప్పింది. ఆ సాయంత్రం అన్నం సరిగ్గా తినలేకపోయాను. ఆ పడవ మీద పసుపు చారలు ఉన్నన్నాళ్లూ నా అబద్ధం ఊరందరికీ కనపడుతూ ఉంటుంది. అన్నకు నిజం తెలిసిన రోజు ఇరవై రెండేళ్ల కిందటి చోటుకే మళ్లీ పోతాను. ఇంకా వెనక్కి కూడా పోవచ్చు. అప్పుడు చేతకానివాణ్ణి మాత్రమే, ఇప్పుడు మోసగాణ్ణి కూడా.

తెలియడానికి ఎంతో కాలం పట్టలేదు. ఆ ఆటలో ఏడు తలల పాము ఒకటి ఉంది. దాన్ని ముగ్గురితో కొట్టడం కుదరదు. తెలియని వాళ్లు ఇద్దరు వచ్చి కలిశారు, విలుకాడొకడు, మంత్రగాడొకడు. ఆటలో ఉన్నవాళ్ల మాటలు ఒకరివొకరికి ఫోన్లోంచి వినపడతాయి. అన్న తన ఫోన్ స్పీకరు పెద్దగా పెట్టుకుంటాడు, ఇంజను మోతకు చెవులు కాస్త మందగించాయి. నేను మామూలుగానే హుకుములు మొదలుపెట్టాను. కత్తివీరుడు కుడివైపు, విలుకాడు ఆ బండ వెనక, నేను చెప్పేదాకా ఎవరూ కదలొద్దు.

అన్న ఫోన్లో నుంచి విలుకాడి గొంతు వచ్చింది. "ఎవరన్నా ఈ హీలరు? ఆర్డర్లేస్తుండు? నీ పని ఎనక నిలబడి హీల్ చేసుడు. ముందున్న కత్తాయన చెప్తే మనం ఇనాలె. ఏ ఆటలనైనా గంతే గదా."

మా ఆవిడ ఫోన్లోకి ఇంకాస్త వంగింది. నేను అన్న వైపు చూడలేదు.

"అట్టనా," అన్నాడు అన్న.

కుడివైపు ఉండమన్నాను కాబట్టి కుడివైపే ఉన్నాడు. పాము చచ్చేదాకా నా మాట దాటలేదు, ఆట మధ్యలో ఉంది కదా మరి. పాము చచ్చింది. తెర నిండా బంగారు వెలుగు, తప్పెట్ల మోత. అన్న ఫోన్ చొక్కా జేబులో పెట్టుకుని, చెప్పులు వేసుకుని, గేటు మెల్లగా మూసి వెళ్లిపోయాడు. గేటు విసిరి కొట్టి ఉంటే బాగుండేది.

మూడు రోజులు రాలేదు. నేను పోలేదు. పోయి ఏమని చెప్పాలి? నువ్వు నన్ను సరంగు అనుకుంటే బాగుందన్నా, అందుకే నోరు మూసుకున్నానని చెప్పాలా? నలభై దగ్గరపడుతున్న మనిషి, ఇద్దరు బిడ్డల తండ్రి, ఫోన్ ఆటలో అబద్ధమాడి అన్నకు మొహం చూపించలేక ల్యాబులో సీసాలు కడిగినవే కడుగుతున్నాడు. కడిగిన సీసాలు మళ్లీ కడుగుతుంటే పక్కన పనిచేసే ఆమె ఒంట్లో బాగాలేదా అని అడిగింది. నిజంగానే బాగాలేదు.

నాలుగో రోజు సాయంత్రం వదిన ఎండునెత్తళ్ల పులుసు గిన్నెలో పెట్టుకుని వచ్చింది.

"ఏందబ్బయా, మీ అన్నకేం చెప్పినావు?" అంది. "మూడు దినాలుగా నా ఫోను నా చేతికిస్తా లేడు."

"నీ ఫోన్ ఎందుకు వదినా?"

"ఆయన ఫోన్లో కత్తోడు ఉండాడంట. మార్చుకోను కుదరదంట. అందుకని నా ఫోన్లో ఇంకోణ్ణి పెట్టినాడు. తెల్ల చొక్కా, చేతిలో కర్ర. కూడు తినేటప్పుడు గూడా కర్ర ఊపతానే ఉండాడు."

మా ఆవిడ వంటింట్లో నుంచి బయటికి వచ్చింది. "ఇంకో కాంపౌండరా?" అంది.

మర్నాడు ఆదివారం. అన్న వచ్చాడు, వదిన ఫోన్ పట్టుకుని. కోపం ఉందో లేదో తెలియని మొహం, ఆ రోజు పడవలో చూసిన మొహమే.

"ఒరేయ్, నువ్వు ముందు పో. ఎనకాల నేనుంటా," అన్నాడు.

"అన్నా, ఆ రోజు నేను..."

"ముందు ఆ కత్తోణ్ణి తీసుకో. నా ఫోను ఇదిగో."

తీసుకున్నాను. ఇన్నేళ్లలో మొదటిసారి పేరు పెట్టే దగ్గర ఆగకుండా కత్తి పట్టుకున్నాను. అది కూడా అన్న పెట్టిన పేరుతో, అన్న దిద్దని మీసంతో. గుహలోకి పోయాం. మొదటి మలుపులోనే ఒక రాక్షసుడు నన్ను గోడకేసి కొట్టాడు. నా ప్రాణం గీత సగానికి పడిపోయింది. వెనక్కి పరిగెత్తబోయాను.

"యాడికి? ఎనకాల నేనుండా గదా, పో ముందుకు," అన్నాడు అన్న.

పచ్చటి వెలుగు వచ్చి పడింది. గీత నిండింది. రెండో దెబ్బ పడకముందే ఇంకో వెలుగు. నేను అయిదేళ్లుగా వైద్యుడిగా ఆడుతున్నాను, దెబ్బ తగిలాక వెలుగు పంపడం తెలుసు. దెబ్బ తగలబోతోందని ముందే చూసి పంపడం నాకు చేతకాలేదు. అన్నకు నాలుగు రోజుల్లో చేతనయింది. నా మీదే కాదు, మా ఆవిడ దొంగ ఏ మూల నక్కి ఉందో కూడా ఆయన ఓ కన్ను వేసే ఉంచాడు.

"ఇంత బాగా ఎలా ఆడుతున్నావన్నా?" అన్నాను.

"పాతికేళ్లుగా చేసే పనే గదరా. ముందున్నోళ్ల ఈపులు చూస్తా కూర్చోడమే. ఎవురు అలిసిపోయినారో, ఎవురు పడబోతా ఉండారో ఈపు చూస్తే తెలస్తాది." నా మీదికి ఇంకో వెలుగు పంపి, "ఆ ఫోన్లో పిల్లోడికి తెలవదు. వైద్యం చేసేదీ అమరంలోనే, అని నేను చెప్పబోయినా. సరేలే పాము చచ్చిందాక అని ఊరుకున్నా," అన్నాడు.

నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను. కత్తివీరుణ్ణి ఒక బండ పక్కన నిలబెట్టి, తల తిప్పకుండా అడిగేశాను. ఎదురుగా చూస్తూ అడగడం తేలిక, మొహాలు చూసుకోనక్కర్లేదు.

"ఆ రోజు పడవ ఎందుకు తిప్పావన్నా?"

ఏ రోజు అని అన్న అడగలేదు.

"నీ పెదాలు నల్లబడిపోయినాయి," అన్నాడు. "ఒంట్లో నీళ్లన్నీ పోయినాయి. ఇంకో గంటుంటే ఏమయ్యేదో. కానాగంతలు మళ్లా వస్తాయి."

"నన్ను చూసి సిగ్గుపడ్డావనుకున్నాను."

అన్న వేలు ఆగింది. "పడినా," అన్నాడు. "లేదని చెప్పను. ఒడ్డుకొచ్చి ఒట్టి పడవ లాగతా ఉంటే అందరూ చూసినారు. అప్పుడు పడినా. ముందు తిప్పినా, తర్వాత పడినా."

నాకు కళ్లు మసకబారాయి. ఆ మసకలో రాక్షసుడొకడు వచ్చి నన్ను చంపేశాడు.

"ఇంకోటి," అన్నాడు అన్న, నన్ను తిరిగి బతికిస్తూ. "నువ్వు ఆ పొద్దు నా కొత్త చొక్కా మీద కక్కినావు. అది మాత్రం ఇంకా మరిచిపోలా."

ఇరవై రెండేళ్లు మోసిన సంగతి ఇంత చిన్నదా అని కోపం కూడా వచ్చింది. ఒక్క మాట అడిగి ఉంటే పోయేది. ఆయనా ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. అమరంలో కూర్చునేవాళ్లకు చెప్పడం అలవాటుండదు, ముందు కూర్చునేవాళ్లకు అడగడం అలవాటుండదు. ఏమైతేనేం, జాలిగుండె అనే నా సిద్ధాంతాన్ని ఆ రోజుతో వదులుకున్నాను. ఈ ఇంట్లో వైద్యుడెవరో నాకు అర్థమైంది. నేను వట్టి వెనక నిలబడే మనిషిని.

నిషేధం ముగిసిన రోజు తెల్లవారి ఊరంతా ఒడ్డునే ఉంది. పడవలకు పసుపు కుంకాలు పెట్టారు, కొబ్బరికాయలు కొట్టారు. మా పెళ్లి బస్సు అందరి పడవల మధ్యా అర మైలు దూరం నుంచి కనపడుతోంది. అన్నతో పోయే ఇద్దరూ వల సర్దుతున్నారు.

"ఎక్కు," అన్నాడు అన్న నాతో. "అలలు దాటి ఒక చుట్టు తిప్పి మళ్లా దింపేస్తా. వల వెయ్యంలే."

"అన్నా, నా సంగతి తెలుసు కదా."

"రంగు చెప్పినోడివి నువ్వే గదా. ఎక్కకపోతే ఎట్టా?"

మా ఆవిడ నా చేతిలో ఒక గుడ్డసంచి పెట్టింది. అందులో తువ్వాలు, నీళ్ల సీసా ఉన్నాయి. బయల్దేరేముందు ఇంట్లో ఎవరూ నాకు చెప్పలేదు కానీ, అంతా ముందే అనుకున్నారని అప్పుడు తెలిసింది. దొంగా, కొత్త కాంపౌండరూ ఏకమైపోయారు.

పడవ ముందుకు పోయి కూర్చున్నాను. రెండు పెద్ద అలలు దాటేదాకా పళ్లు బిగించుకున్నాను. అవి దాటాక నీళ్లు మెత్తబడ్డాయి. సరిగ్గా పాత చోటే, కడుపులో పాత తిప్పడమే. ఒడ్డు మీది మనుషులు చిన్నవాళ్లయిపోయారు. మా ఆవిడ చీర రంగు ఒక్కటే ఆనవాలు పట్టగలుగుతున్నాను. పక్కకు వంగి అంచు పట్టుకున్నాను. వెనక నుంచి ఏదో వచ్చి నా ఒళ్లో పడింది. సగం కోసిన నిమ్మకాయ. గూడూరు నిమ్మకాయ, చేతికి అంటుకుంటే వాసన ఒక పట్టాన వదలదు. ముక్కు దగ్గర పెట్టుకుని వెనక్కి తిరిగి చూశాను.

అన్న అమరంలో కూర్చుని ఉన్నాడు, ఒక చెయ్యి చుక్కాని మీద. మిగతా ఇద్దరినీ దాటి ఆయన చూపు నా మీదే ఉంది. ఇంజను వేగం తగ్గించాడు. మోత తగ్గాక, అందరూ వింటుండగా అడిగాడు.

"ఒరేయ్, తిప్పమంటావా?"

మధ్యలో కూర్చున్న ఇద్దరూ వల వదిలేసి వెనక్కి తిరిగి ఆయన్ని చూశారు. నీళ్ల మీద అమరంలో ఉన్నవాడు ఇంకొకణ్ణి అడగడం వాళ్లెప్పుడూ విని ఉండరు. నేనూ వినలేదు.

"వద్దన్నా," అన్నాను. "పోనీయ్."

అన్న తలూపి ఇంజను వేగం పెంచాడు. ఆ తర్వాత నేను రెండుసార్లు కక్కుకున్నాను, ఈసారి గాలి ఎటుందో చూసుకుని. పడవ తిరగలేదు. అన్న నా మాట విన్నాడు.